వెనక బెంచీ నుంచి హాజరు

"నలభై మూడు."

"ఎస్ మేడమ్," అంది లాయరు, గొంతు సన్నగా చేసి, కొంచెం ముక్కుతో.

లెక్కల మేడమ్ తలెత్తలేదు. ఫోన్లో ఒక గడి నొక్కి నలభై నాలుగుని పిలిచారు. అది పెద్ద హాలు. వందమందికి పైగా పిల్లలు. ఒక్కొక్కరి మొహం చూసి హాజరు వేసుకుంటూ కూర్చుంటే ఇక పాఠానికి టైము మిగలదు. ఇంకో పదిమంది తరువాత లాయరు తన సొంత నంబరు వచ్చినప్పుడు తన సొంత గొంతుతో మళ్ళీ పలికింది.

పక్కనున్న స్నేహితురాలు పొట్టి, పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఒక్కదానివే వచ్చి ఇద్దరివై కూర్చుంటున్నావు కదే. పరీక్షలు కూడా నువ్వే రాసెయ్ దాని బదులు."

"నేను రాస్తే ఇద్దరం పోతాం. అది లేచి చెప్తే ఇద్దరం పాసవుతాం. అందుకే దాన్ని పడుకోనిస్తున్నా."

దేనికైనా వాదనకి దిగుతుంది కాబట్టి హాస్టల్లో ఆమె పేరు లాయరయింది. నలభై మూడో నంబరు ఆమె గదిలోనే ఉండే అమ్మాయిది. ఆమెని టీచరమ్మ అనేవాళ్ళు. పరీక్షల ముందు హాస్టల్లో సగంమంది ఆమె మంచం చుట్టూ చేరేవాళ్ళు. వాడేసిన కాగితాల వెనక వైపు రాసి చూపిస్తూ, అర్థంకాని చివరి పిల్లకి కూడా అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చెప్పేది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. తండ్రి లేడు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాలర్లు కుడుతుంది. చెల్లెలు ఇంకా బడిలో ఉంది.

ఆ టీచరమ్మ ఇప్పుడు గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా తెలియదు. ముందుగా, చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చేది. తరువాత పుస్తకం తెరవడానికే చేయి వచ్చేది కాదు. ఒకరోజు పళ్ళు తోముకుందామని లేచి, బ్రష్షు మీద పేస్టు వేసుకుని, మంచం అంచున కాసేపు కూర్చుంది. లాయరు క్లాసులు ముగించుకుని వచ్చేసరికి అక్కడే ఉంది. బ్రష్షు చేతిలోనే ఉంది. పేస్టు ఎండి గట్టిపడింది.

ఏడుపొచ్చినా కాస్త తేలికయ్యేదేమో. అదీ రావడం లేదు.

"అలసిపోయావు, అంతే," అంది లాయరు ఆ రోజు, బ్రష్షు కడిగి పెడుతూ. "రెండ్రోజులు పడుకో. బయటి సంగతి నాకొదిలెయ్."

అన్నమాట ప్రకారం బయటి సంగతంతా చూసుకుంది. వార్డెనుకి కడుపునొప్పని చెప్పింది. మెస్సువాళ్ళకి చదువుకుంటోందని చెప్పింది. సందేహాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పిల్లలకి ఇప్పుడే నిద్రపట్టిందని చెప్పింది. డబ్బాలో తిండి తెచ్చి దగ్గర కూర్చుని తినిపించింది. తన బట్టలతో పాటు ఆమె బట్టలూ ఉతికింది. పొద్దున మొదటి క్లాసులో తీసుకునే హాజరే రోజంతటికీ లెక్క కాబట్టి, అక్కడ మాత్రం ఒక్కరోజూ తప్పకుండా రెండు గొంతులతో పలికింది. రెండ్రోజులన్నవి వారాలయ్యాయి. కాలేజీకి సంబంధించినంతవరకూ టీచరమ్మ రోజూ వస్తూనే ఉంది.

ఇంటికి సంబంధించినంతవరకూ కూడా అంతే. పిల్లలు క్లాసుకి వచ్చారో లేదో తల్లిదండ్రుల ఫోనుకి కాలేజీ నుంచి మెసేజీ వెళ్ళేది. టీచరమ్మ తల్లికి అందులోని ఇంగ్లీషు ముక్క చదవడం రాదు. వస్తే పచ్చ టిక్కు, రాకపోతే ఎర్ర ఇంటూ అని కూతురే చేరిన కొత్తలో చెప్పి పెట్టింది. ఆవిడకి అది చాలు.

ఆ రోజు మధ్యాహ్నం తిండి వేళకి తల్లి ఫోన్ చేసింది. వెనకాల ఇంకా ఆగని కుట్టు మిషన్ల చప్పుడు.

"వచ్చిందే మీ కాలేజీ నుంచి. పచ్చది. మా సూపర్వైజరుకి చూపించా. వాడి కొడుక్కి అన్నీ ఎర్రవేనట, మొహం మాడ్చుకున్నాడు," అని నవ్వింది. "తిన్నావా?"

"తిన్నా. అమ్మా..."

"ఆఁ, చెప్పు తల్లీ."

"నాకు బాగుండట్లేదమ్మా."

"ఏం? జ్వరమా?"

"జ్వరం కాదు. లేవబుద్ధి కావట్లేదు. ఏం చేయాలన్నా చేతకావట్లేదు."

"ఓసి పిచ్చిదానా! పొద్దున్నే లేవాలని ఎవరికుంటుందే? నాకుంటుందా? అయినా లేస్తున్నావు, వెళ్తున్నావు. నాకు టిక్కు రాలేదూ? అంత బాగోలేనిదానివైతే క్లాసుకెలా వెళ్ళగలవు చెప్పు. పరీక్షలంటే భయం, అంతే. వేళకి తిను. ఫోను చూడటం తగ్గించు. సరేనా?"

"సరే."

అవతల గంట మోగింది. తల్లి హడావిడిగా పెట్టేసింది.

టీచరమ్మ ఫోను గుండెల మీద పెట్టుకుని చాలాసేపు పైకప్పు చూసింది. ఆ ఒక్క మాట అనడానికి ఎన్నో రోజుల నుంచి ఓపిక కూడగట్టుకుంది. అమ్మ విసుక్కోలేదు, తిట్టలేదు. కానీ అమ్మ మాట్లాడింది రోజూ క్లాసుకి వెళ్ళే కూతురితో. ఈ మంచం మీదున్న కూతురి సంగతి ఆవిడకి తెలిసే దారే లేదు.

సాయంత్రం లాయరు డబ్బా తెచ్చి మూత తీసింది.

"వేడిగా ఉంది, లే."

"రేపు నా నంబరుకి పలక్కు."

"ఏం, నా గొంతు నచ్చలేదా? పొట్టి అయితే నీకంటే నేనే బాగా పలుకుతున్నానంది."

"నిజంగానే చెప్తున్నా. పలక్కు."

"మతి పోయిందా? హాజరు తగ్గితే పరీక్షకి కూర్చోనివ్వరు."

"ఎలాగూ రాయలేను."

"ఎందుకు రాయలేవు? నువ్వు కళ్ళు మూసుకుని పడుకో, పుస్తకం నేను చదువుతా. చెవుల్లోంచి వెళ్ళినా లెక్క లెక్కే కదా. పోయినసారి మొత్తం క్లాసుని గట్టెక్కించినదానివి, ఇప్పుడు..."

"లాయరూ, పడుకున్నప్పుడు మళ్ళీ లేవకుండా అలాగే పోతే బాగుండుననిపిస్తోంది. ఒక్కసారి కాదు. రోజూ అనిపిస్తోంది."

లాయరు చేతిలో చెంచా ఆగిపోయింది. డబ్బా మీద మూత పెట్టబోయి పెట్టలేక, రెండూ నేలమీద ఉంచి కింద కూర్చుంది.

"ఎవరికి చెప్పావు ఇది?"

"నీకే. ఇప్పుడే."

"ఇన్నాళ్ళూ పక్కనే ఉన్నా కదే. నాకెందుకు చెప్పలేదు?"

"నా కోసం అంత చేస్తున్నావు. రోజూ వచ్చి ఇవాళ కాస్త నయమా అని అడుగుతావు. నీ మొహం చూస్తే కాదని చెప్పబుద్ధి కాలేదు."

లాయరు మోకాళ్ళలో తల దాచుకుని ఏడ్చింది. తరువాత కళ్ళు తుడుచుకుని, ఆ సాయంత్రమంతా ఆమెని వదిలిపెట్టలేదు. బాత్రూముకి కూడా వెంట వెళ్ళి తలుపు బయట నిలబడింది.

"ఏదో ఒకటి పాడుతూ ఉండవే. లోపలున్నావని నాకు తెలియాలి."

"స్నానం చేస్తూ పాడే ఓపికే ఉంటే నీతో ఈ గొడవంతా ఎందుకే," అంది టీచరమ్మ లోపలి నుంచి. లాయరుకి నవ్వొచ్చింది. వెంటనే మళ్ళీ ఏడుపొచ్చింది.

మర్నాడు క్లాసులో మేడమ్ నలభై మూడు అన్నారు. జవాబు లేదు.

"నలభై మూడు?"

పొట్టి మోచేత్తో పొడిచింది. "పలకవే. నిద్రపోతున్నావా?"

మేడమ్ గడి నొక్కి ముందుకి వెళ్ళబోతుంటే లాయరు లేచి నిలబడింది.

"మేడమ్, ఆ అమ్మాయి రాలేదు. చాలా రోజుల నుంచి రావట్లేదు. తన బదులు నేనే పలుకుతున్నా."

హాల్లో నవ్వులు లేచాయి. ఎవరో ఈల కూడా వేశారు. లాయరు మొహం చూసినవాళ్ళు ముందు ఆపారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళు ఆపారు.

మేడమ్ కళ్ళజోడు తీశారు. "ఎక్కడుంది?"

"గదిలో. ఒంటరిగా వదలకూడదని వార్డెను గారిని కూర్చోబెట్టి వచ్చాను. తనకి... తనకి బతకాలని లేదంటోంది మేడమ్."

ఆ రోజు పాఠం జరగలేదు. మేడమ్ పుస్తకం బల్లమీదే వదిలేసి లాయరుతో పాటు హాస్టలుకి నడిచారు.

పిల్లలతో మాట్లాడటానికి కాలేజీలో ఒక కౌన్సిలరు ఉన్నారు. లైబ్రరీ మెట్ల పక్కన గది. ఆ తలుపు ముందు నుంచి టీచరమ్మ చాలాసార్లు నడిచి వెళ్ళింది గానీ, అది తనలాంటివాళ్ళ కోసమని ఎప్పుడూ అనుకోలేదు. మేడమ్ ఆమెని అక్కడికే తీసుకెళ్ళారు. కౌన్సిలరు తొందరపెట్టలేదు. చనిపోవాలని అనిపిస్తోందా, ఎలాగని ఎప్పుడైనా ఆలోచించావా అని సూటిగా అడిగారు. ఇంత మామూలు గొంతుతో ఆ ప్రశ్న అడగవచ్చని టీచరమ్మకి తెలియదు. అడిగినందుకు చెప్పగలిగింది. ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇది బద్ధకం కాదు, జబ్బు అన్నాడు డాక్టరు. మందులు రాశాడు. కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండాలన్నాడు, పరీక్షల ఊసు లేకుండా.

తల్లికి ఎవరూ కబురు పెట్టనక్కర్లేకపోయింది. ఎర్ర ఇంటూ చూడగానే ఆవిడే ఫోన్ చేసింది. కూతురు ఎత్తలేదు. కాలేజీకి చేసింది. సగం కుట్టిన కాలరు మిషన్ కిందే వదిలేసి బస్సెక్కింది. కౌన్సిలరు గదిలోకి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ ఏప్రన్ ఇంకా నడుముకే ఉంది, మోచేతులకి దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఎవడైనా ఏమైనా అన్నాడా? నాకు చెప్పు. వాడి సంగతి నేను చూస్తా."

"ఎవరూ లేరమ్మా."

"మార్కులు తగ్గాయా?"

"లేదమ్మా."

"మరి దేనికే ఇదంతా?"

"దేనికో నాకూ తెలీట్లేదు."

"ఏమీ లేకుండా ఎవరికైనా ఇలా అవుతుందా అమ్మా?" అని తల్లి కౌన్సిలరుని అడిగింది.

"అవుతుందమ్మా. బాగా చదివేవాళ్ళకీ అవుతుంది. తగ్గుతుంది కూడా. టైము పడుతుంది."

తల్లి తలుపు దగ్గర నిలబడిన లాయరువైపు తిరిగింది.

"రోజూ పలికింది నువ్వేనా?"

"అవునాంటీ."

"మంచికే చేశావు. నాకు తెలుసు." ఏప్రన్ ముడి విప్పుకుంటూ అంది. "నువ్వు పలక్కపోయుంటే నేను ఎప్పుడో వచ్చేదాన్ని కదే."

లాయరు తలవంచుకుంది. టీచరమ్మ ఆమె చేయి పట్టుకుందామనుకుంది గానీ కుర్చీలోంచి లేవలేకపోయింది.

"ఈ ఏడు పరీక్షలు రాయదా?" అని తల్లి చివరికి అడిగింది.

"వద్దమ్మా. వచ్చే ఏడు చూద్దాం," అన్నారు కౌన్సిలరు.

తల్లి తలాడించింది. మొహం కడుక్కుని వస్తానని బయటికి వెళ్ళింది. బాత్రూములో కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. ఏడుపు వినపడకుండా నీళ్ళు వదిలిపెట్టడం ఆవిడ ఇంట్లో కూడా చేసే పనే. నాన్న పోయినప్పుడు పిల్లలిద్దరూ ఆ చప్పుడు వింటూ బయట కూర్చునేవాళ్ళు.

గదిలో బట్టలన్నీ లాయరే మడతపెట్టి సంచిలో సర్దింది. పుస్తకాలు చేతిలోకి తీసుకుని, ఏం చేయాలో తెలియక మళ్ళీ అరలో పెట్టింది. గేటు దాకా వచ్చింది.

"వెళ్ళాక ఫోన్ చెయ్. నువ్వే చెయ్యి. నేను చేసినప్పుడు నువ్వు ఎత్తకపోతే నా ప్రాణం పోతుంది."

"చేస్తా."

"ఒట్టు?"

"వాదించకే," అంది టీచరమ్మ.

బస్సులో తల్లి ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. తరువాత ఏం ఆలోచించిందో, లేపి ఇవతలి సీటు ఇచ్చి కిటికీ పక్కకి తను మారింది. ఊరు దాటకముందే ఫోను మోగింది. సూపర్వైజరు.

"ఆఁ, చెప్పకుండా వచ్చేశానండీ, తప్పే. పెద్దదానికి జ్వరం. బాగా ఉంది, ఒళ్ళు కాలిపోతోంది. ఆఁ... తగ్గగానే మళ్ళీ కాలేజీకి వెళ్ళిపోతుందండీ. పరీక్షలున్నాయి కదా."

టీచరమ్మ వింటూ కూర్చుంది. తల్లి ఫోను పెట్టేశాక అంది.

"జ్వరం కాదని చెప్పాల్సిందమ్మా."

"ఊరుకో. నలుగురూ వింటారు."

"చెల్లిని చూడమన్నప్పుడు పిన్నికేం చెప్పావు?"

"జ్వరమనే చెప్పా."

"నెలకి కూడా తగ్గకపోతే అప్పుడేం చెప్తావు?"

తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూ, మోచేతికున్న దారం ముక్కని గోటితో లాగింది.

"ఇవాళ్టికి నన్ను అంత దూరం నడిపించకే తల్లీ. నాకే ఇంకా బుర్రకెక్కలేదు. ఇంకొకరికేం చెప్పను?"

అర్థంకానివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం ఒకప్పుడు టీచరమ్మకి ఇష్టమైన పని. ఇప్పుడు ఆ ఓపిక లేదు. ఎప్పుడొస్తుందో తెలియదు.

"సరే. కానీ చెల్లికి జ్వరమని చెప్పకు. దానికి నేను చెప్తా."

"ఏమని చెప్తావు? చిన్నపిల్ల అది."

"బాగోలేదని. నీకు చెప్పినట్టే."

తల్లి పెదవులు కదిలాయి. "చెప్పావు. నిజమే, చెప్పావు," అంది, ఎవరికీ వినపడనంత మెల్లగా.

బస్సు ఊరు దాటింది. కాసేపటికి తల్లి చేయి చాచి, వేళ్ళ వెనక వైపు కూతురి మెడ మీద ఆనించింది, చిన్నప్పుడు జ్వరం చూసినట్టు. మెడ చల్లగానే ఉంది. చల్లగా ఉంటుందని ఆవిడకీ తెలుసు. అయినా చేయి తీయలేదు.