తల్లి పాత్ర మాటలు

నాటకం వాళ్ళకు మూడోసారి చాయ్ వడపోస్తుంటే, ముందుగదిలోంచి నా కొడుకు చావు వినిపించింది. రాసింది మా ఆయన రామ్‌చందర్. తండ్రి వేషమూ ఆయనదే. అందులో తండ్రి జ్వరంతో ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని వానలో పరిగెత్తుతాడు. తల్లి దేవుడి పటం ముందు కూలబడి ఏడుస్తుంది. చివరికి ఆయన కాళ్ళమీద పడి క్షమించమంటుంది.

నాకు ఒళ్ళు మండింది. డెబ్బై రెండు వానాకాలంలో ఎనిమిదేళ్ళ ప్రహ్లాద్‌ను గౌలిపుర నుంచి చార్మినార్ దవాఖాన దాకా మోసింది నేను. వాడి ఒంటి వేడి ఇంకా నా ఎడమ భుజం మీద ఉంది. ఆయన అప్పుడూ రిహార్సల్లోనే ఉన్నారు. పక్కింటి ఖైసర్ బేగం వెళ్ళి పిలిస్తే, "ఈ సీన్ అయినంక వస్త" అన్నారట. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. పైగా మా అత్త వచ్చినవాళ్ళందరితో, "తల్లికి సోయి ఉంటే పోరడు దక్కేటోడు" అంటుంది. రెండేళ్ళుగా అది వింటూనే ఆమెకు అన్నం వడ్డిస్తున్నాను.

"గట్ల జరగలేదు గదా?" అని ఆయన్ను అడిగాను.

"ఆడది ఉరికితే జనం చూస్తరా? నువ్వు జర చాయ్ సంగతి చూడు."

ప్రదర్శన రోజు ప్రాంప్టర్ జబ్బుపడ్డాడు. "సదువుకున్నదానివే గదా, పక్కతెర ఎన్క కూసొని మాటలందియ్యి" అన్నారు ఆయన. తల్లి వేషం నాగమణిది. నాలుగు నాటక సమాజాల్లో ఆడే మనిషి, ఒక్క ముక్కా కంఠతా పట్టదు. వెనకనుంచి ఏది వినిపిస్తే దానికే ప్రాణం పోస్తుంది. "అక్కా, నిన్నే నమ్ముకున్న" అంది.

చివరి సీన్‌లో ఆయన గుండెలు బాదుకున్నారు. "ఎంత పరిగెత్తానో! నా కొడుకు దక్కలేదు!" హాల్లో ముక్కులు చీదుతున్నారు. నాగమణి నా వైపు చెవి పెట్టింది. పుస్తకంలో "నేను పాపిష్టిదాన్ని" అని ఉంది. నేను చదవలేదు.

"పరిగెత్తింది నేను," అని అందించాను. "కబురు పంపినా మీరు రాలేదు. ఎందుకు రాలేదు?"

ఆ మూడు ముక్కలూ నాగమణి హాలు మోగేలా అంది. ముందు వరుసలో మా అత్త లేచి నిలబడింది. పెళ్ళయిన నాటినుంచి కావలసినవన్నీ అడగకముందే చేతికిచ్చినదాన్ని కదా, ఆయన అలవాటుగా మాట కోసం నా వైపే చూశారు.

నేను లేచి, అందరికీ వినపడేలా అన్నాను.

"దానికి జవాబు నా దగ్గర లేదు. మీరే చెప్పుండ్రి."