ఆమె ఇంట్లో లేని నెల బిల్లు

"రేపట్నుంచి బట్టలు చేత్తో ఉతుకు. మిషన్ జోలికెళ్లకు," అన్నాడు భర్త, చేతిలోని కరెంటు బిల్లుతో విసురుకుంటూ.

ఆపరేషనయ్యాక ఆస్పత్రినుంచి అటే వెళ్లిన ఆమె, అప్పుడే అక్క ఇంటినుంచి వచ్చి చెప్పులు విడిచింది. గర్భసంచి తీసేశాక డాక్టరమ్మ మరీమరీ చెప్పి పంపింది: పైకి మానినా లోపల కుట్లు పచ్చిగానే ఉంటాయి, వంగొద్దు, బరువెత్తొద్దు, తడిబట్టలు పిండనే వద్దని. ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చేలోపే అత్తగారు అందుకుంది. తాము పురిట్లోంచి లేస్తూనే బావిదగ్గరికి నడిచినవాళ్లమనీ, ఇప్పటి ఆడవాళ్ల ఒళ్లు వెన్నతో చేశారనీ.

ఆ ఇంట్లో బిల్లొచ్చిన రోజు కోర్టు కూర్చునేది. సోఫాలో భర్త, పక్కన అత్తగారు, ఎదురుగా నిలబడి ఈమె. అతను ఎంతొచ్చిందో చదివేవాడే గాని ఎందుకొచ్చిందో చదివేవాడు కాదు. ఏ నెల శిక్ష ఆ నెలదే. ఓసారి వంటింటి ఫ్యాను రెక్కలూడదీసి అటకెక్కించాడు. ఇంకోసారి మిక్సీ దాచేశాడు. చెమట కళ్లలోకి కారుతుంటే పైట చెంగుతో తుడుచుకుంటూ, నిజంగానే నా చెయ్యి పొదుపెరగదేమో అనుకునేది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాలన్నా దొంగతనానికి వచ్చినట్టు గుండె కొట్టుకునేది. ఆ ఇస్త్రీ అతని చొక్కాలకే.

ఈసారి శిక్ష కుట్లమీదికొచ్చింది.

మధ్యాహ్నం తల్లీకొడుకులు ఏసీ గదిలో తలుపేసుకుని కునుకు తీస్తుంటే ఆమె బిల్లు ముందేసుకు కూర్చుంది. డిగ్రీ చదివిన మనిషే, ఇన్నేళ్లూ ఆ కాగితం తనది కాదనుకుంది. పాత రీడింగు, కొత్త రీడింగు, వాటి తేడా వాడిన యూనిట్లు. ఓ హద్దుదాకా ఒక రేటు, దాటినవాటికి అంతకు మించిన రేటు. కింద, దీపం వెలిగించినా మానినా పడే స్థిర ఛార్జీ, ఆపైన సుంకం. ఇంతేనా? ఈ కాస్త కాగితానికా నేను చేతులు కట్టుకు నిలబడింది? ఎవరూ ఏమీ వాడకపోయినా పడేదానిక్కూడా నన్నే తిట్టాడే? అనుకుంటుండగా చూపు రీడింగు తీసిన తేదీలమీద పడింది. మొదటిది ఆమె ఆస్పత్రిలో చేరిన రోజు. రెండోది నిన్న. హద్దు దాటి పై రేటు పడిన నెల, ఆమె ఆ ఇంట్లో ఒక్క స్విచ్చయినా ముట్టని నెల. నవ్వాగలేదు. కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. గెలిచాననుకుంది, పిచ్చిది.

సాయంత్రం టీ కప్పు పక్కన బిల్లు పరిచి తేదీల కింద వేలుపెట్టింది.

"ఏమండీ, ఈ రోజుల్లో నేనింట్లో లేను."

అతను అటు చూడనైనా చూడలేదు. "తెలుసు," అన్నాడు.

"తెలిసేనా...?"

"కంపెనీ లెక్కలన్నీ చూసేవాణ్ణి, నాకు నువ్వు బిల్లు చదవడం నేర్పుతావా? నువ్వు లేవు గనకే ఒక్కో చొక్కాకీ మిషన్ తిప్పాం. ఏసీ ఆపే దిక్కు లేదు. నెల్రోజులు కూర్చుని తిని వచ్చావు, ఆ నడుం మళ్లీ వంగొద్దూ? బిల్లు కాకపోతే ఇంకోటి చెప్పేవాణ్ణి."

"వాడితోనా అమ్మాయ్ లెక్కలు?" అని అత్తగారు కిసుక్కున నవ్వింది.

అయితే ఫ్యాను రెక్కలు ఊడదీసినప్పుడూ తెలుసన్నమాట. ఆ గాలికి అయ్యే ఖర్చెంతో తెలిసే, స్టూలెక్కి, మరలు విప్పి, ఆమె చేతికే అందించాడన్నమాట. తెలియని మనిషికి ఓపిగ్గా చెప్పొచ్చు. ఇన్నేళ్లూ ఆమె దాచుకున్న ఆశ అదే. ఏదో ఒకరోజు అర్థమవుతుందిలే అని. అతనికి అర్థం కానిదేదీ లేదు.

ఆమె అక్కకు ఫోన్ చేసి బావను ఆటో తీసుకుని రమ్మంది. చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే, ఎక్కడికని అరిచాడతను.

"వచ్చే నెల రీడింగు కూడా నేను లేకుండానే తీయించుకోండి," అంది.