గుడీ అంటే

అక్టోబరు వచ్చిందంటే లొరేన్ పెల్కీకి తన ఊరి మీద అసహ్యం కొత్తగా చిగురిస్తుంది. మిగతా నెలల్లో లేదని కాదు. కానీ పదకొండో తరగతికి మంత్రగత్తెల నాటకం చెప్పేది అక్టోబరులోనే. వెనకటికి ఇదే మసాచుసెట్స్‌లో, ఇలాంటి ఊళ్లోనే, కొందరు ఆడపిల్లలు పూనకం వచ్చినట్టు కింద పడి దొర్లి, ఫలానా ఆవిడ మమ్మల్ని పీడిస్తోందని పేర్లు చెబితే, పెద్దమనుషులు నిజమే కాబోలని తలలూపి ఆ ఆడవాళ్లని ఉరితీసిన కథ. ఆ నాటకం చదువుతూ చదువుతూ లొరేన్ కిటికీలోంచి ఊరి వంక ఓ చూపు విసురుతుంది. మీరేం మారారు గనక, అన్నట్టు.

పిల్లల మీదా ఆవిడకి భ్రమలేం లేవు. పుస్తకాలు పంచీ పంచగానే వచ్చే మొదటి ప్రశ్న ఏటా ఒకటే.

"మిస్, దీనికి సినిమా ఉందా?"

"ఉంది కోల్బీ. చూపించను."

"మరెందుకు ఉన్నట్టు?"

చివరి రోజున ఆవిడా ఏటా ఒకటే ప్రశ్న అడుగుతుంది. అబద్ధం ఒప్పుకుంటే ప్రాణం దక్కుతుంది, నిజం మీద నిలబడితే ఉరి, మీరైతే ఏం చేస్తారు అని. అందరూ చేతులెత్తి నిజం మీదే నిలబడతామంటారు. ఒక్క చెయ్యి దిగదు. గంటసేపు ఫోను లాక్కుంటే కన్నతల్లినైనా పట్టిచ్చే రకాలు, ఉరికొయ్య దగ్గర మాత్రం నిప్పులాంటి మనుషులట. లొరేన్ పెదవి విరిచి, సరే కూర్చోండి అంటుంది. ఆ పెదవి విరుపు ఆవిడకి జీతం కన్నా ఇష్టం.

ఆ ఏడాది పిల్లల బుర్రకి నాటకం మొత్తంలో ఎక్కింది ఒకే ఒక్క మాట. గుడీ. ఆ కాలంలో మామూలు సంసారి ఇల్లాలిని పేరు ముందు గుడీ అని చేర్చి పిలిచేవాళ్లు. మనం ఫలానావారి ఇంటావిడ అన్నట్టు, అంతకన్నా ఏం లేదు. పైగా ఇప్పటి ఇంగ్లీషులో తినే తాయిలాన్నీ గుడీ అనే అంటారు కనుక పిల్లలకి ఆ పిలుపు మహా తమాషాగా తోచింది. వెంటనే క్యాంటీన్‌లో వడ్డించే డాట్‌కి తగిలించేశారు.

డాట్ అసలు పేరు డొరతీ లెమే. అరవై దాటిన మనిషి. తలకి వల, చేతులకి తొడుగులు, గోధుమరంగు జోళ్లు. మొగుడు రే, కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటాడు. ఆ వైద్యం నడిచేది డాట్ ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు మీదే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసినా పనికొచ్చిందేం లేదనుకోండి.

"గుడీ డాట్, ఇంకో గరిటె," అన్నాడు మొదటిరోజు కోల్బీ ట్రే చాపి.

"గుడీయో గాడిదో, ముందు ట్రే నిటారుగా పట్టు నాన్నా," అంది డాట్. అని, వేయించిన బంగాళాదుంప ఉండలు ఇంకో గరిటె పోసింది.

ఇంకేముంది, వారం తిరిగేసరికి వరస వరసంతా గుడీ డాట్ అనడమే. అన్నవాళ్లకల్లా ఇంకో గరిటె. డాట్ ఆ మధ్య పెదాలకి కాస్త రంగు వేసుకుని రావడం కూడా మొదలుపెట్టింది. లొరేన్ ఇదంతా టీచర్ల బల్ల దగ్గర్నుంచి చూసి, మూడువందల ఏళ్ల విషాదం దుంపల దగ్గర తేలిందన్నమాట అని పక్కావిడతో అని నవ్వింది.

ఆ క్లాసులో టేగన్ క్రోల్ అనే పిల్ల ఉంది. ఓ మధ్యాహ్నం తిని లేచి స్నేహితురాలికి ఫోనులో మెసేజ్ కొట్టింది. గుడీ డాట్ ఈవేళ డబుల్ ఇచ్చింది, గాల్లో తేలుతున్నా, అని. ఆ ముక్క తల్లి స్టేసీ కంటబడింది. పిల్లలు వేషాలేసుకుని ఇంటింటా తాయిలాలు అడిగే హాలోవీన్ పండక్కి పోలీసు చీఫ్ ఏటా చేసే హెచ్చరిక ఆ ఉదయమే చేశాడు. మత్తుమందు కలిపిన తాయిలాలు తిరుగుతున్నాయి, పిల్లల సంచులు వెతకండి అని. ఆ ఊళ్లో ఇంతవరకూ అలాంటి తాయిలం ఒక్కటి దొరికిన పాపాన పోలేదు. ఆ సంగతి ఎవరూ అడగరు. స్టేసీకి చేతినిండా తీరికే. ఊరి తల్లిదండ్రుల ఫోను గుంపుకి ఆవిడే పెద్ద. కూతురి సంచి బోర్లించింది. మత్తుమందు లేదు గానీ పొగపీల్చే ఎలక్ట్రిక్ గొట్టం ఒకటి దొర్లిపడింది.

"ఇదెక్కడిదే?"

టేగన్ ఆ గొట్టాన్ని తన సొంత బుద్ధితో కొనుక్కుంది. అది చెప్తే వారాంతం డాన్సు పార్టీ పోతుంది. పిల్ల నేల చూసింది, కప్పు చూసింది.

"డాట్," అంది.

ఒక్క మాట. ఆ పిల్ల నిజం మీద నిలబడతానని చెయ్యెత్తి అప్పటికి పట్టుమని పది రోజులు కాలేదు.

తెల్లారేసరికి ఫోను గుంపంతా అట్టుడికిపోయింది. డాట్ గుడీలు అమ్ముతోందట. పిల్లలు వాడే గుర్తుమాట అదేనట. పొద్దున తిండి మానేసి వ్యాయామం క్లాసులో కళ్లు తిరిగి పడిపోయిన ఓ పిల్ల, నాకూ ఇచ్చింది అంది. దాన్ని చూసి ఇంకో ఇద్దరికి కళ్లు తిరిగాయి. పోలీసులు కుక్కని తెచ్చి వంటగదంతా వాసన చూపిస్తే దానికి దొరికింది మాంసం ముక్క. ఏమీ దొరకలేదంటే ఎంత గడుసుదో చూడండి అని రాసింది స్టేసీ. ఆ వాక్యానికి ఊరు ఊరంతా బొటనవేళ్లు ఎత్తింది. డాట్‌ని ఇంటికి పంపేశారు.

లొరేన్‌కి ఒళ్లు మండిపోయింది. తిన్నగా ప్రిన్సిపాల్ డ్వయర్ గదిలోకి వెళ్లి పుస్తకం బల్ల మీద పడేసింది.

"గుడీ అంటే మత్తుబిళ్ల కాదు. ఇందులో మాట. క్లాసులో నేను చెప్పిందే."

"తెలుసు," అన్నాడు డ్వయర్.

"తెలుసా?"

"నేనూ ఈ స్కూల్లోనే చదివాను లొరేన్. ఆ నాటకంలో జడ్జి వేషం నాదే."

"అయితే ఆ మాట వాళ్లకి చెప్పరేం?"

డ్వయర్ మెడ తుడుచుకున్నాడు. చలిలో కూడా మెడ మీద చెమట పట్టే మనిషి. వేసవిలో అతని కాంట్రాక్టు మళ్లీ స్కూలు నడిపే బోర్డు ముందుకి వెళ్లాలి.

"నేను చెప్తే వెనకేసుకొచ్చానంటారు. రేపు సాయంత్రం బోర్డు మీటింగులో డాట్ సంగతి తేలుస్తారు. మీరు చెప్పండి. కానీ నా మాట వినండి, ఆ ఒక్క ముక్కా చెప్పి కూర్చోండి. పుస్తకం తెరిచి చూపించండి, అంతే. వాళ్లని ఏమీ అనొద్దు."

"పిరికివాళ్ల సలహాలు నాకు అక్కర్లేదు."

"సరే," అన్నాడు డ్వయర్. ఏ మాత్రం నొచ్చుకోకుండా అన్నాడు, అదీ అతని తీరు.

మీటింగు స్కూలు లైబ్రరీలో. హాలోవీన్ గుమ్మడికాయలు ఇంకా అరల మీదే ఉన్నాయి. మాట్లాడదలచిన వాళ్లకి ముందే వంతులు ఇస్తారు, మనిషికి మూడు నిమిషాలు. మైకు పక్కన చిన్న దీపం ఉంటుంది. పచ్చగా మొదలై, పసుపుకి తిరిగి, ఎర్రబడగానే మైకు ఆగిపోతుంది. బోర్డు అధ్యక్షుడు విన్స్‌లో పడవల ఇన్సూరెన్సు అమ్ముకుంటాడు గానీ ఆ దీపం దగ్గర మాత్రం సాక్షాత్తూ ధర్మప్రభువు. తన తల్లినైనా ఎర్రదీపం తర్వాత మాట్లాడనివ్వడు.

డాట్ ఆఖరి వరసలో కోటు విప్పకుండా, ఒళ్లో సంచితో కూర్చుంది. వంతు అడగలేదు. నేనేం చేశానని మాట్లాడాలి అందట.

స్టేసీ మాట్లాడింది, ఏడ్చింది, మూడు నిమిషాల్లోనే కళ్లు కూడా తుడుచుకుంది. కళ్లు తిరిగిన పిల్ల తల్లి మాట్లాడింది. గుడీ అనే మాటే అసహ్యంగా ఉందన్నాడు ఎవరో మహానుభావుడు. లొరేన్ వింటూ కూర్చుంది. ఆవిడకి భయం లేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. ఇన్నేళ్లుగా ఈ ఊరికి చెప్పాలనుకున్న పాఠానికి ఈ ఊరే పిలిచి మరీ మైకు ఇస్తోంది.

దీపం పచ్చగా వెలిగింది.

"మూడువందల ఏళ్ల కిందట," అని మొదలుపెట్టింది లొరేన్, "ఇక్కడికి గంట ప్రయాణంలో, మీలాంటి భక్తిపరులే, మీలాంటి తల్లిదండ్రులే, ఇలాగే ఓ గదిలో కూర్చున్నారు. మీలో ఎంతమంది ఆ నాటకం చదివారు? చేతులెత్తండి. పోనీ, సినిమా చూశారా? అదీ సగంలో నిద్రపోయే ఉంటారు. చదివిన వాళ్లయితే ఈవేళ అద్దంలో మొహం చూసుకుని సిగ్గుపడేవాళ్లు."

గది బిగుసుకుంది. లొరేన్‌కి అది బాగా నచ్చింది. గొంతు ఇంకాస్త సాగింది. భయం ఎలా అంటుకుంటుందో చెప్పింది. గుంపు ఎలా ఆలోచించదో చెప్పింది. కుక్కకి దొరకకపోవడమే సాక్ష్యమనే తెలివితేటలు ఆ కాలంలోనూ ఉండేవని చెప్పింది. దీపం పసుపుకి తిరిగింది. ఆవిడ చూసింది. చూసి కూడా, స్టేసీ మీద ఓ వాక్యం సిద్ధంగా ఉంది, అది వదలబుద్ధి కాలేదు.

"స్టేసీ లాంటి వాళ్లు ఆ ఊళ్లోనూ ఉన్నారు. కాకపోతే వాళ్లకి ఫోను లేదు గనక ఇల్లిల్లూ తిరిగే శ్రమైనా పడ్డారు."

ఎవరో ఒకరిద్దరు నవ్వారు కూడా. ఆ నవ్వు కోసం లొరేన్ ఓ క్షణం ఆగింది.

"ఇక అసలు విషయం. గుడీ అంటే..."

ఎర్రదీపం. మైకు టప్పున ఆగిపోయింది.

"మీ సమయం అయిపోయింది," అన్నాడు విన్స్‌లో.

"ఒక్క మాట. గుడీ అంటే..."

మైకు లేని గొంతు ఎక్కడ వినిపిస్తుంది? గదంతా ఒక్కసారి గొల్లుమంది. కూర్చోమన్నారు, సిగ్గులేదా అన్నారు, మా పిల్లలకి ఈవిడా పాఠాలు చెప్పేది అన్నారు. లొరేన్ పుస్తకం పైకెత్తి పేజీ చూపించింది. పుస్తకాన్ని చూడగానే గోల రెట్టింపైంది. ఇంకా వంతు ఉన్నవాళ్లు తమ సమయం వేరొకరికి ఇచ్చేయొచ్చు, అది అక్కడి రివాజు. మిగిలింది ఒక్కడు, స్కూలు బస్సు నడిపే హాంక్ డూలన్. డాట్ తరఫున వచ్చిన ఒకే ఒక్క మనిషి.

"హాంక్, మీ సమయం నాకివ్వండి," అంది లొరేన్.

హాంక్ ఆవిడని కిందా మీదా చూశాడు.

"నేనూ ఆ సినిమా సగంలో నిద్రపోయిన బాపతే మిస్," అని మైకు దగ్గరికి వెళ్లి, "డాట్ మంచి మనిషి. అంతే," అని కూర్చున్నాడు. అతని దీపం ఇంకా పచ్చగానే ఉంది.

డ్వయర్ ఫోను చూసుకుంటున్నాడు. బోర్డులో చేతులన్నీ లేచాయి, డాట్ ఉద్యోగం పోయింది. ఆ ఊపులోనే నాటకాన్ని కూడా తీసేశారు. దానికీ చేతులన్నీ లేచాయి.

మర్నాడు మధ్యాహ్నం డాట్ తన సామాను తీసుకెళ్లడానికి వచ్చింది. వంటగది వెనక తలుపు దగ్గర కారు ఆపి, గోధుమరంగు జోళ్లు, ఉన్ని చొక్కా, గోడకి తగిలించుకున్న రే ఫొటో డిక్కీలో పెడుతోంది. లొరేన్ క్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. రాత్రంతా ఒక క్షమాపణ కూర్చుకుంది. అదీ పొడుగ్గానే ఉంది.

"డాట్, నన్ను..."

"నువ్వొచ్చావుగా తల్లీ. మిగతా టీచర్లు మొహమైనా చూపించలేదు," అంది డాట్. "చాలా బాగా మాట్లాడావు. నాకు సగం అర్థం కాలేదనుకో. కానీ వాళ్ల మొహాలు చూడాలి."

లొరేన్ తల దించుకుంది.

"ఒకటి అడగనా?" అంది డాట్. "చివర్లో ఏదో చెప్పబోయావు, ఆపేశారు. ఇంతకీ ఆ గుడీ అంటే ఏమిటి? ఒక్కరూ చెప్పలేదు నాకు."

"ఇంటావిడ అని. పాతకాలంలో ఆడవాళ్లని పేరు ముందు అలా అని పిలిచేవాళ్లు. నాటకంలో ఉంది. పిల్లలు అక్కడే నేర్చుకున్నారు."

ఇంకా ఏదో ఉంటుందని డాట్ కాసేపు ఎదురుచూసింది.

"అంతేనా?"

"అంతే."

"నేనింకా గుడ్ అన్నట్టు, మంచిదాన్నని అంటున్నారేమో అనుకున్నా," అంది డాట్. డిక్కీ మూసి, తాళం చేత్తో పట్టుకుని, లొరేన్ వంక తిరిగింది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. "మరి మూడు నిమిషాలు ఏం చెప్పావమ్మా?"

అని, గడియారం చూసుకుని, రేని ఆస్పత్రికి తీసుకెళ్లే వేళైందంటూ కారెక్కింది.