ఫ్లాప్ ఎంత దించాలి

కందిపప్పు కడుగుతుంటే మళ్లీ ఆ ఫోన్. మా ఆయన గిరిప్రసాద్ ఎవరిదో చూసుకుని బాల్కనీలోకి పోయి తలుపేసుకున్నాడు. ఈ వారంలో అయిదోసారి. అద్దంలోంచి నవ్వు కనిపిస్తోంది, మాట వినిపించదు. ఎవరని అడిగితే "ఆఫీసు" అన్నాడు. విమానం నడిపే మనిషికి సెలవురోజు ఏ ఆఫీసు? అత్తతో అంటే, "మొగోడికి నూరు పనులుంటాయి. నువ్వేమన్నా పోలీసా?" అని కసిరింది.

నేను తిరుపతిలో ఫిజిక్స్ లెక్చరర్ని. ఆయన కెప్టెన్ పరీక్షకు రెండు నెలలు పొయ్యి పక్కన కూర్చుని లావుపాటి పుస్తకాలు చదివి నోట్స్ రాసిచ్చింది నేనే. పాసయ్యాక అత్త దిష్టి తీసింది ఆయనకు. ఇప్పుడు ఉతికేముందు ఆయన చొక్కాలు వాసన చూస్తున్నాను. నా మీద నాకే రోత.

శనివారం ఆయన స్నానానికి పోయినప్పుడు ఆ ఫోన్ మోగింది. ఎత్తాను.

"సార్, నేను రేవతి, పలమనేరు. ఎల్లుండే పైలట్ పరీక్ష. మీ నోట్సులో ఎనిమిదో పేజీ..."

"నేను వాళ్ల భార్యను. ఏ నోట్స్?"

"సార్ రాసిందేనక్కా. మా పదిమందికి ఫోన్లో క్లాసు చెప్తాండారు గదా. టేకాఫ్‌కు రెక్క వెనకుండే ఫ్లాప్ పలక ఎక్కువ దించితే తక్కువ వేగానికే విమానం లేస్తుంది, పైకెక్కడం గూడా బాగుంటుంది అని ఉండాది. నాకు లెక్క అట్ల రాలేదు."

నా నంబరు చెప్పి ఆ పేజీ పంపమన్నాను. అన్నీ నా అక్షరాలే. పైన గిరిప్రసాద్ పేరు. 'గాలి నిరోధం పెరిగి ఎక్కడం మందగిస్తుంది' అని నేను రాసిన వాక్యం కొట్టేసి, తప్పు వాక్యం ఆయన రాశాడు. ఆడమనిషి వ్యవహారం కాదని మనసు తేలికపడాలి. పడలేదు. ఇంకా ఏమేం కొట్టేశాడో, ఏమేం తనవని చెప్పుకున్నాడో!

"అది తప్పమ్మా," అన్నాను. "ఫ్లాప్ ఎక్కువైతే రన్‌వే తక్కువ చాలు, కానీ లేచినాక ఎక్కే బలం తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ, ఎదురుగా కొండ, ఒక ఇంజను ఆగింది అనుకో, కొండ దాటేంత ఎత్తు ఎక్కలేదు. అందుకే రన్‌వే చాలినంత ఉంటే ఫ్లాప్ తగ్గించి, ఎక్కువ వేగం అందుకుని లేస్తారు."

గిరి తల తుడుచుకుంటూ వచ్చాడు. "నా ఫోనెందుకు ఎత్తినావు? అనుమానమా?"

"అవును. నేను రాసింది ఎందుకు కొట్టేసినావు?"

"రెండూ ఒకటేలే అనుకున్నా. అయినా మనింట్లో నీదీ నాదీ ఏంది?"

సాయంత్రం క్లాసుకు రేవతి అందరినీ నా నంబరుకే కలిపింది. గది తలుపేసుకుని, "నేను కోమలి. ఈ నోట్స్ రాసింది నేనే," అని మొదలుపెట్టాను.

తలుపవతల అత్త గొంతు. "కోమలీ, కాఫీ యాడ?"

"పాలు ఫ్రిజ్‌లో ఉండాయి. మీ కొడుకును పెట్టమనండత్తా. నేను క్లాసులో ఉండాను."