మా ఇంటావంటా లేదు

నాకు నోరెక్కువ. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఒక్క సంగతి మాత్రం ఇరవై ఎనిమిదేళ్లపాటు ఆ నోట్లోంచి బయటకు రానివ్వలేదు.

ఇంట్లో ఉండేది నేను, కోడలు, రెండేళ్ల మనవరాలు. మనవరాల్ని గుండ్రాయి అని పిలుస్తాం. ఎత్తుకుంటే చేతులు లాగేస్తాయి మరి. కొడుకు లారీ డ్రైవరు, నెలకోసారి వచ్చి కడుపునిండా నిద్రపోయి వెళ్లిపోతాడు. నేను పిల్లను చూసుకుంటూ టైలరు ఇచ్చే చొక్కాలకు కాజాలు కుడతాను. కోడలు చేపల కోల్డ్ స్టోరేజీలో మంచు పెట్టెలు సర్దుతుంది. తెల్లారి వెళ్తే మూడింటికి వస్తుంది. వచ్చాక గంటసేపు ఆమె చేతులు కొయ్యముక్కల్లా ఉంటాయి.

మూడు నెలల కిందట ఒకరోజు కోడలు పని నుంచి వస్తూనే పిల్లను ఎత్తుకుంది. "అత్తయ్యా, ఒళ్లు కాలిపోతోంది" అంటూనే ఉంది, గుండ్రాయి కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ బిగుసుకుని కొట్టుకున్నాయి. నోట నురగ. రెండు నిమిషాల్లో తగ్గింది కానీ, నా పైప్రాణాలు పైనే పోయాయి.

పిల్లల డాక్టరు నిదానస్తుడు. "జ్వరంతో వచ్చే ఫిట్స్ అమ్మా ఇవి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా కొంతమంది పిల్లలకి వస్తాయి. జలుబు చేసో, గొంతు వాచో జ్వరం వస్తుంది, ఆ లేత మెదడు తట్టుకోలేదు. ఒక్కోసారి ఫిట్స్ వచ్చాకే జ్వరం ఉన్నట్టు తెలుస్తుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ, చాలామందికి పెద్దయ్యేసరికి పోతుంది. మళ్లీ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఆగకుండా వచ్చేయండి" అన్నాడు. కాగితం మీద రాసుకుంటూ అడిగాడు: "కొన్ని కుటుంబాల్లో ఇది ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు వచ్చిందా?"

కోడలు నోరు తెరిచేలోపే నేనందుకున్నాను. "మా ఇంటావంటా లేదు బాబూ."

ఎందుకు లేదు? నా కొడుక్కి రెండేళ్లప్పుడు మూడుసార్లు వచ్చింది. పక్కింటావిడ చూసి, మూర్ఛరోగమని వీధంతా టముకు వేసింది. వాడితో పిల్లల్ని ఆడుకోనివ్వలేదు. కుళాయి దగ్గర నా బిందె పక్కన ఇంకో బిందె పెట్టలేదు మహాతల్లులు. ఇల్లు మారాం. చచ్చినా ఆ మాట ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాను. మా ఆయన పోయాక అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. కొడుక్కి కూడా చెప్పలేదు. చెప్పుకునే మనిషి లేక, ఒక్కోసారి ఒళ్లో ఉన్న చొక్కాకే చెప్పుకునేదాన్ని.

తిరిగొస్తుంటే ఆటోలో కోడలు అడిగింది. "మరి మన పిల్లకే ఎందుకొచ్చింది అత్తయ్యా?"

నోరు మూసుకుంటే పోయేది. మూసుకుంటే నేనెలా అవుతాను? "మంచులోంచి వచ్చి, ఆ చేతులతో కాలిపోతున్న పిల్లని పట్టుకున్నావు కదా. వేడీ చలీ ఒక్కసారి తగిలితే ఊరుకుంటుందా?" అన్నాను. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి. అనేశాక నాకే నిజమనిపించింది.

ఆ రోజు నుంచి కోడలు పిల్లను ముట్టుకోలేదు. అన్నం పెట్టడం, స్నానం చేయించడం అన్నీ నేనే. గుండ్రాయి చేతులు చాచి వస్తే, తను చేతులు చంకల్లో దాచుకుని "నానమ్మ దగ్గరికి వెళ్లమ్మా" అనేది. పడక వంటింట్లోకి మార్చుకుంది. కొన్నాళ్లకు పిల్ల తల్లి దగ్గరకు వెళ్లడమే మానేసింది. ఇదంతా నాకు కనబడలేదా అంటే, కనబడింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఒకే ఇంట్లో ఎవరి మూల వాళ్లది.

మొన్న బుధవారం కోడలు వచ్చాక, పిల్ల నిద్రపోతోంది కదా అని టైలరుకు చొక్కాలు ఇచ్చి వచ్చాను. ఇంట్లో అడుగు పెట్టేసరికి గుండ్రాయి చాప మీద వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. కోడలు రెండడుగుల దూరంలో గోడకు అతుక్కుపోయి, చేతులు చంకల్లో పెట్టుకుని ఏడుస్తోంది.

"పక్కకి తిప్పవే!" అని అరిచాను. కదల్లేదు. నేనే తిప్పాను, నురగ తుడిచాను, గడియారం చూశాను. నేను వచ్చాక నిమిషమున్నరకు ఒళ్లు వదులైంది. పిల్ల కాసేపు ఏడ్చి మగతలోకి జారింది.

అప్పుడు కోడలు అంది: "నేను ముట్టుకోలేదు అత్తయ్యా. పొద్దుట్నుంచీ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఒట్టు."

నాకు సంజాయిషీ చెబుతోంది! నాకు!

"నీ చేతుల్లో ఏం లేదే తల్లీ. నీ మొగుడికి కూడా చిన్నప్పుడు వచ్చింది. మూడుసార్లు."

కోడలు చంకల్లోంచి చేతులు బయటకు తీసింది. "డాక్టరుగారు అడిగారు కదా."

"అడిగాడు."

"నా చేతుల వల్లే అన్నారు కదా మీరు."

"అన్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను కూడా. తిట్టలేదు. వంగి పిల్లను ఎత్తుకుంది. పిల్ల కళ్లు తెరిచి, ఎత్తుకున్నదెవరో చూసి, గింజుకుంటూ నా వైపు చేతులు చాచింది. "నానమ్మా" అంది. కోడలి ముఖం చూడలేకపోయాను.

"డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. మీరు రావద్దు. ఈసారి ఆయన అడిగితే నేను చెప్పుకుంటాను" అంది.

"తోడుగానైనా..."

"వద్దు అత్తయ్యా."

వెళ్లిపోయింది. సందు మలుపు దాకా పిల్ల నన్ను పిలుస్తూనే ఉంది. గుమ్మంలో నిలబడి విన్నాను. కోడలు ఒక్కసారి వెనక్కి చూసినా పరిగెత్తేదాన్ని. చూడలేదు.