కింద రెక్కల విమానం

మా ఆయన విమానం రెక్కలకు ఇస్త్రీ చేసింది నేనే. బొమ్మ విమానమే, కానీ రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు నా చీర కుచ్చిళ్ళంత పొడవుంటుంది. తేలికపాటి కర్రతో కట్టిన చట్రం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అది ముడుచుకుని బిగుసుకుంటుంది. వేడి ఎక్కువైతే చిల్లు పడుతుంది, తక్కువైతే ముడతలు ఉండిపోతాయి. ఆయన రెండు కాగితాలు కాల్చేసి వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "పట్టుచీరలకి చేత్తావు కదా, దీనికీ ఓసారి రుద్దీ," అన్నారు. నేను వెళ్ళి రుద్దాను. ఈలోగా పొయ్యి మీద పప్పు మాడింది. పప్పు మాడిందని భోజనం దగ్గర అన్నది కూడా ఆయనే.

ఆయన పేరు వెంకటరమణమూర్తి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కొట్టు. విశాఖలో ఉండే స్నేహితుడు త్రినాధరావు గారు రిమోట్ విమానాలు ఎగరేయడం చూసి, రెండువేల ఆరులో ఈయనకూ సరదా పుట్టింది. హైవే అవతల కొత్తగా వేసిన లేఅవుట్లో రాళ్ళు పాతారు, రోడ్లు వేశారు, ఇళ్ళు మాత్రం రాలేదు. ఆదివారం పొద్దున్నే ఆ తారురోడ్డే మాకు రన్‌వే. మొదటిది ట్రైనర్ విమానం, కొత్తగా నేర్చుకునేవాళ్ళది. రెక్కలు వీపు మీద ఉంటాయి, చివర్లు కాస్త పైకి లేచి ఉంటాయి. "నీకేటీ తోచకపోతే చేతులు తీసీ మూర్తీ," అని త్రినాధరావు గారు చెప్పారు. "ఎంత వంకర తిప్పినా అదే సర్దుకుంటాది."

వెనక నిలబడి వింటున్న నాకు ఆ విమానం స్వభావం కొత్తగా అనిపించలేదు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచర్ని. డ్రిల్లు కూడా నా మెడకే చుట్టారు. అదనంగా ఏమీ ఇవ్వరా అని ఒకసారి అడిగితే, "డ్రిల్లంటే పిల్లల్ని ఆడించడమే కదా మేడమ్, అది పాఠం కాదుగా," అన్నారు మా కరస్పాండెంట్. సరేనని వచ్చేశాను. ఇంట్లో మా అత్తయ్య గారు, "బడికెళ్ళి కూచోడం కూడా అలుపేనా సత్యా," అంటారు. దానికీ సరేనంటాను. ఎవరు ఎటు తోసినా కాసేపట్లో మామూలైపోతాను కాబట్టి, తోసినట్టే ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలుసు. నాకు కోపం రాక కాదు, వచ్చిన కోపాన్ని పెట్టుకునే చోటు ఆ ఇంట్లో లేక.

విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ బాగానే ఉంటుంది. వెనక్కి తిరిగి మన మీదకు వస్తున్నప్పుడే చిక్కు. దాని కుడి మనకు ఎడమ అవుతుంది. ఆయన ప్రతిసారీ అక్కడే కంగారుపడి తప్పు వైపు తిప్పేవారు. మూడుసార్లు ముక్కు నేలలో దిగింది. మూడోసారి నావైపు తిరిగి, "నువ్వెనకాల నిలబడి మాటాడితే ఇలాగే ఉంటాది," అన్నారు. అప్పటిదాకా నేను నోరే విప్పలేదు. ముక్కలు ఏరి సంచిలో వేసుకుని, వారమంతా స్కూలు నుంచి వచ్చాక కూర్చుని అతికాను. "మళ్ళీ కట్టేను," అని ఆయన కొట్లో అందరితో చెప్పుకున్నారు.

ఒక ఆదివారం విమానం గాల్లో ఉండగా ఆయన సెల్ మోగింది. చేతిలో ఉన్న రిమోట్ పెట్టె నా చేతుల్లో పెట్టి, "పట్టుకో. ఏటీ కదపకు," అని పక్కకు వెళ్ళిపోయారు. త్రినాధరావు గారు అవతల కారు దగ్గర డబ్బాలో ఇంధనం పోస్తున్నారు. గాలికి విమానం మెల్లగా హైటెన్షన్ తీగల వైపు జరుగుతోంది. మా ఆయనేమో వీపు తిప్పి బెల్లం దిమ్మల గురించి మాట్లాడుతున్నారు. నేను కదిపాను. అది తిరిగి నేరుగా నా మీదకే వచ్చింది. నాకు కంగారు పుట్టలేదు. పదకొండేళ్ళుగా పిల్లలకు ఎదురుగా నిలబడి, "కుడి చెయ్యి," అంటూ నా ఎడమ చెయ్యి ఎత్తుతున్నదాన్ని. అవతలివాళ్ళ వైపు నుంచి కుడి ఎడమలు లెక్కేసుకోవడం తప్ప ఈ జీవితంలో నేను చేసిందేముంది? నాలుగు చుట్లు తిప్పాను. ఎప్పుడొచ్చారో త్రినాధరావు గారు పక్కన నిలబడి ఉన్నారు.

"ఎవరు నేర్పేరు చెల్లెమ్మా?"

"మూడో తరగతి పిల్లలండీ," అన్నాను. కళ్ళలో నీళ్ళు. ఎండ వల్ల అనుకుని ఉంటారు. సంతోషం పట్టలేక.

ఆనాడు దించింది త్రినాధరావు గారే. తర్వాత ప్రతి ఆదివారమూ మా ఆయన ఎగరేసి విసిగిపోయాక, మిగిలిన ఇంధనం నాది. నాలుగో వారానికి నా అంతట నేనే దించాను. ఆరు నెలలు గడిచాక త్రినాధరావు గారు రెండో రకం విమానం సంగతి ఎత్తారు. రెక్కలు పొట్ట కింద ఉంటాయి, చదునుగా, చివర్లు లేవకుండా. "ఇది వదిలేత్తే సర్దుకోదు మూర్తీ," అన్నారు. "ఎంత వంచితే అంతే ఉండిపోద్ది. తలకిందులు చేత్తే తలకిందులుగానే పోద్ది. ప్రతి క్షణం నువ్వే నడపాలి." మా ఆయన మర్నాడే తెప్పించారు. విడిభాగాలతో వచ్చిన పెట్టె నెల రోజులు మంచం కింద పడి ఉంది. చివరికి నేనే విప్పాను. భోజనాల బల్ల మీద జిగురు వాసనేమిటని అత్తయ్య గారు సణుగుతూనే ఉన్నారు. రెండు నెలలు పట్టింది. ఏ పుల్ల ఎక్కడ ఎంత బలంగా ఉందో నాకు తెలుసు.

తయారైన ఆదివారం ఆయన మార్కెట్ నుంచి ఇద్దరు స్నేహితుల్ని, అత్తయ్య గారినీ లేఅవుట్‌కు తీసుకొచ్చారు. నేను నాలుగింటికే లేచి పులిహోర కలిపాను. "నేనే కట్టేను బావా, రెండు నెలలు పట్టింది," అని ఆయన చెప్తున్నారు. త్రినాధరావు గారు నావైపు చూసి తల దించుకున్నారు. నేను ఇంజను వేడెక్కించి, తోక అటూ ఇటూ ఆడుతోందో లేదో చూసుకుని లేచాను. రిమోట్ పెట్టె నా చేతిలోనే ఉంది. ఆయన చెయ్యి చాపారు.

ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన ఇంకా ట్రైనర్నే సరిగ్గా దించలేరు. అది మీదకు తిరిగొచ్చిన మొదటి చుట్టులోనే రెండు నెలల పని మట్టిలో కలుస్తుంది. నేను వెనకాల నిలబడ్డందుకే అయిందంటారు. నేను సంచి పట్టుకుని ముక్కలు ఏరతాను. భయం వేసింది. విమానం పడుతుందని కాదు, చేతులు వాటంతట అవే పెట్టె ఇచ్చేస్తాయేమోనని.

"ఇది నేను ఎగరేత్తానండీ," అన్నాను.

ఆయన స్నేహితుల వైపు చూసి నవ్వారు. "నువ్వా? ఇరిగిపోతే?"

"ఇరిగితే అతికేది నేనే కదండీ."

నవ్వు ఆగిపోయింది. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, జేబులోకి వెళ్ళింది. నేను రోడ్డు మధ్యకు నడిచాను. అది ట్రైనర్ కంటే వేగంగా ఉరికి, నేల విడిచింది. కుడికి వంచితే కుడికి ఒరిగి అలాగే ఉండిపోయింది, నేను మళ్ళీ తిప్పేదాకా. పైకి, ఇంకా పైకి తీసుకెళ్ళి, తలకిందులు చేశాను. నేను ఇస్త్రీ చేసిన ఎర్రటి పొట్ట ఎండలో పైకి తిరిగింది. అది అలాగే, నిదానంగా, నేను చెప్పిన దారినే పోయింది. నాకు నవ్వొచ్చింది. ఎవరి కోసమూ కాదు.

ఎంతసేపైందో తెలియదు. వెనక నుంచి ఆయన గొంతు, కాస్త తగ్గి వినిపించింది. "అందరికీ ఆకలేత్తంది సత్యా. పులిహోర ఎక్కడెట్టేవు?"

కింద రెక్కల విమానం మీద నుంచి చూపు తిప్పకూడదు.

"కారు డిక్కీలో ఉందండీ. పెట్టుకు తినండి," అన్నాను, పైకి చూస్తూనే. "నాకు కొంచెం ఉంచండి."