ఎదురు కుర్చీ

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. పెద్దకోడలి విషయంలో తోడికోడలు నవ్వను కూడా లేదు. డీనుగారు చెప్పింది విని, చేతిలో టీ గ్లాసు కింద పెట్టి, "నేనా?" అంది. అంతే. ఆ ఒక్క మాటలో ఉన్న తీపికే పెద్దకోడలి గుండెలో సూది దిగింది.

సంగతేమిటంటే, ప్రజలకు సేవ చేసినవాళ్ళకు దేశం తరఫున ఇచ్చే గౌరవం ఒకటుంది. దానికి ప్రతి విశ్వవిద్యాలయమూ తన మనుషుల్లోంచి ఒక పేరు పంపాలి. ఆచార్యులే కానక్కరలేదు, అక్కడ పనిచేసేవాళ్ళెవరైనా సరే. తన పేరు తాను ఇచ్చుకోకూడదు. పక్కనుండి ఆ పని చూసినవాళ్ళు సమర్థిస్తూ రాయాలి, రాసింది సభలో నిలబడి చదవాలి. గౌరవం దక్కినవాళ్ళు రాజధానిలో ఏడాదిపాటు ఉండి, తమ పని మిగతావాళ్ళకు నేర్పాలి. ఈసారి విశ్వవిద్యాలయం చిన్నకోడలి పేరు అనుకుంది. మరి సమర్థించేదెవరు? "మీకంటే దగ్గరగా చూసినవాళ్ళెవరమ్మా" అంటూ డీనుగారు కాగితాలు తెచ్చి పెద్దకోడలి చేతిలోనే పెట్టారు.

పెట్టింది కాగితాలో కణకణలాడే నిప్పులో ఆవిడకే తెలియాలి.

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే గ్రంథాలయంలో ఉద్యోగులు. పెద్దకోడలు కొత్త పుస్తకాలకు నంబర్లు వేసే చోట ఉంటుంది, చిన్నకోడలు పుస్తకాలిచ్చే బల్ల దగ్గర. పనివేళ అయిపోయాక ఇద్దరూ వెనకవైపు చిన్నగదిలో చేరి, చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తారు. జీతం లేని పని. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు పాత దుప్పట్లు కొట్టారు. ఫ్యాను తిరిగితే గాలి మోత పడుతుందని అదీ ఆపేస్తారు. ఆ ఉక్కలో బల్లకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ, ఒకే పుస్తకానికి రెండు ప్రతులు. ఒకరు చదువుతారు. ఎదురు కుర్చీలో ఉన్న మనిషి రెండో ప్రతిలో అక్షరాల కింద పెన్సిలు నడుపుతూ వింటుంది. తప్పు పోతే పెన్సిలుతో బల్లమీద ఒక దెబ్బ. చదివే మనిషి ఆగి, వాక్యం మొదటికి వెళ్ళి మళ్ళీ అందుకోవాలి. తర్వాత ఆ తప్పునూ ఆ దెబ్బనూ కలిపి కత్తిరించేస్తారు.

ఈ పని మొదలుపెట్టింది పెద్దకోడలు. మొదట చదివిందీ ఆవిడే. కానీ ఆవిడది రేకుమీద మేకుతో గీసినట్టుండే గొంతు. మొగుడే ఆ మాట అంటాడు. విద్యార్థులు మొహమాటపడి గొంతు సంగతి ఎత్తలేదు గానీ, విన్న పాఠం ఎందుకో గుర్తుండటం లేదన్నారు. సరిగ్గా అప్పుడే చిన్నకోడలు కాపురానికి వచ్చింది. వంటింట్లోంచి "అక్కా, ఉప్పెక్కడ?" అని అడిగిన మొదటిరోజే పెద్దకోడలు ఆ గొంతును పట్టేసింది. గ్రంథాలయంలో ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పిందీ, దరఖాస్తు పెట్టించిందీ, తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టి తాను ఎదురు కుర్చీకి మారిందీ అన్నీ ఆవిడే.

ఇప్పుడా గొంతు ఎరగని విద్యార్థి లేడు. వరండాలో చిన్నకోడలు "కాస్త జరగండి" అంటే చాలు, తెల్లకర్ర పట్టుకున్న పిల్లలు గిరుక్కున తిరిగి, "మీరేనా అక్కా? నిన్న రాత్రంతా మీతోనే ఉన్నాను, ఆర్థికశాస్త్రం" అంటారు. పక్కనే పెద్దకోడలు ఉంటుంది, ఎవరూ అటు తిరగరు. ఎందుకు తిరుగుతారు? ఆవిడ వాటా కత్తిరించేసిందే కదా. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు మామూలుకంటే ఎక్కువ మోగాయి.

"ఏమయింది?" అన్నాడు మొగుడు.

"ఏం లేదు."

"ఏం లేదంటే చాలా ఉందన్నమాట. రాసెయ్యరాదూ, నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మే పోతోంది."

"గౌరవం నీకు రాలేదనా, ఆ పిల్ల వెళ్ళిపోతుందనా?"

పెద్దకోడలు ఇంకో గిన్నె అందుకుంది. అది ఆవిడకూ తెలియదు. కడుపులో మంటకు రెండు కట్టెలున్నాయని మాత్రం తెలుసు. ఆవిడ సొంత చెల్లెలు ఒకతె శిక్షణకని ఏడాదికి వేరే ఊరు వెళ్ళింది. ఆ ఏడాది ఇంకా అవలేదు. అక్కడే పెళ్ళి, అక్కడే పిల్లలు. మొదట్లో వారానికో ఉత్తరం వచ్చేది, తర్వాత ఎప్పుడైనా ఫోను, ఆ తర్వాత ఎవరి నోటనో క్షేమం. "వెళ్ళొస్తా" అన్న మాటను అప్పటినుంచి పెద్దకోడలు నమ్మదు. ఇంట్లోవాళ్ళు వీధి చివరికి వెళ్ళినా మలుపు తిరిగేదాకా గడపలో నిలబడి చూస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

మర్నాడు మధ్యాహ్నం, నంబర్లు వేయాల్సిన పుస్తకాలు పక్కకు నెట్టి, రాసింది. అబద్ధం ఒక్కటీ రాయలేదు. అదే ఆ రాతలోని విషం. పని ముగించుకుని వెనకగదిలోకి వెళ్ళి, ఫ్యాను ఆపి, సంచిలోంచి కాగితం తీసి, "ఏమే, ఇదోసారి చదువు" అని బల్లమీదుగా తోసింది. తాను రెండో ప్రతి ముందు పెట్టుకుని పెన్సిలు అందుకుంది.

అలవాటు అలాంటిది. ఆ గదిలో ఏ కాగితమైనా ఒకరు చదివి ఒకరు వింటే తప్ప సరైనట్టు కాదు. సెలవు చీటీలు, పిల్లల పరీక్షాఫలితాలు, చివరికి అత్తగారి మందుల చీటీ కూడా అలాగే చూసేవారు. ఎవరి గురించి రాసిందో వాళ్ళ చేతికే ఇచ్చానని పెద్దకోడలికి తట్టేసరికి చిన్నకోడలు గొంతు సవరించుకుని మొదలుపెట్టేసింది.

"ఈమె గొంతు బాగుంటుంది. చెప్పినట్టు వింటుంది. ఈ పని మొదలుపెట్టింది ఈమె కాదు. మొదట్లో ఈమెకు పేరాకూ పేరాకూ మధ్య ఆగడం కూడా తెలియదు, ఒకరు దగ్గరుండి నేర్పారు. ఇంటిపనుల వల్ల అప్పుడప్పుడు ఆలస్యంగా వస్తుంది."

ఆపుదామంటే ఎలా? పెన్సిలు దెబ్బ వేసేది తప్పు చదివినప్పుడు. చిన్నకోడలు ఒక్క అక్షరం తప్పు చదవడం లేదు. ఏ పిల్లాడి పరీక్షకో చదివినంత శ్రద్ధగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదువుతోంది. తాను రాసిన చిన్నబుద్ధి ఇంత అందంగా వినబడుతుందని పెద్దకోడలు ఎన్నడూ అనుకోలేదు.

"'గౌరవానికి ఈమె కూడా తగినదే కావచ్చు.'" చిన్నకోడలు కాగితం అంచులు సరిచేసి బల్లమీద పెట్టింది. "అయిపోయింది. తప్పులేమైనా పోయాయా?"

"లేదు."

"ఆలస్యంగా వచ్చినవి అత్తయ్యకు నేను స్నానం చేయించిన రోజులక్కా. అదీ రాయకపోయావా?"

"అది ఇంటి సంగతి."

"మరి ఆలస్యం ఊరి సంగతా?"

పెద్దకోడలు పెన్సిలు మొన వైపే చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు నేను కళ్ళనీళ్ళు పెట్టుకుని, నాకొద్దక్కా, నీకే ఇమ్మంటా అంటాననుకుంటున్నావేమో," అంది చిన్నకోడలు. "అనను. నాకు కావాలి. ఆ వేదికెక్కాలనుంది, ఆ ఊరు చూడాలనుంది. ఇంట్లో నీ వెనక, ఇక్కడ నీ ముందు. నువ్వు లేని గది ఒక్కటి ఉంటే ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉండదా?"

"ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు."

"ఏరు దాటనిస్తే కదా." చిన్నకోడలు సంచి భుజాన వేసుకుంది. "అదే పంపించు. అన్నీ నిజాలేగా." కాపురానికి వచ్చాక మొదటిసారి, అక్క కోసం ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారు మంచంమీంచే అటూ ఇటూ చూసి, "ఏమిటర్రా, ఇవాళ కంచాలు మాత్రమే మాట్లాడుతున్నాయి?" అంది. మగవాళ్ళిద్దరూ తలలు వంచుకుని మామూలుకంటే వేగంగా తిన్నారు.

మర్నాడు పొద్దున్నే డీనుగారి నుంచి ఫోను. ఆ కాగితం ఆ రోజే అందాలి. "మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళు కదమ్మా, మెచ్చుకోవడానికి మొహమాటంగా ఉంటే చెప్పండి. పత్రికావిభాగం మేడంతో రాయిస్తాను. ఆవిడ మీ గదికి వచ్చిందిగా. మీ తోడికోడలి గొంతంటే ఆవిడకు ప్రాణమట."

పత్రికావిభాగం మేడం. ఒకసారి కెమెరాతో వచ్చి, ఫోటోలో బాగుండదని గోడల దుప్పట్లు తీసెయ్యమన్న మనిషి. ఫ్యాను లేదని అయిదు నిమిషాలకే బయటికి పరుగెత్తిన మనిషి. ఆవిడ రాస్తుందా? తన తోడికోడలిని ఆవిడ మెచ్చుకుంటుందా? 'తేనెలొలికే గొంతు' అని రాస్తుంది కాబోలు. ఆ పిల్ల గొంతులో తేనె ఎప్పుడు ఎండిపోతుందో, ఏ పుటకు మంచినీళ్ళు కావాలో ఆవిడకేం తెలుసు? గౌరవమూ తనది కాక, మనిషీ తనది కాక, చివరికి మెచ్చుకునే హక్కు కూడా ఎవరో పరాయిదానికి పోవడమా?

"అక్కరలేదండీ," అంది పెద్దకోడలు. "మధ్యాహ్నానికి పంపిస్తాను."

ఈసారి రాసింది ఎవరిచేతా చదివించలేదు.

సభ పెద్దహాల్లో జరిగింది. చూపులేని పిల్లలు ముందువరసల్లో కూర్చున్నారు. వాళ్ళ వెనక ఆచార్యులు, గుమాస్తాలు, తోటమాలులు, వంటశాల వాళ్ళు. చిన్నకోడలు పక్కవరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో ఇంకా మాటల్లేవు. అక్క ఏం రాసిందో ఆమెకు తెలియదు. మైకు ముందు పెద్దకోడలు నోరు తెరవగానే ఆ రేకు గొంతుకు హాలంతా ఒక్కసారి కదిలింది.

"పుస్తకంలో పటం వచ్చినచోట ఈమె ఆగుతుంది. చూపున్నవాళ్ళకు కనబడేదంతా ముందు తాను చూసుకుని, ఏది ఏ పక్కన ఉందో, ఏ గీత ఎటు పోతుందో మాటల్లో పేర్చి చెబుతుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేనూ నేర్పలేదు. ఒక న్యాయశాస్త్రం విద్యార్థి పరీక్ష తప్పి, అదే పుస్తకం ఇంకా నెమ్మదిగా చదవమంటే, మొత్తం మళ్ళీ చదివింది. ఎక్కడా నిట్టూర్పు వినబడనివ్వలేదు. గొంతు పాడవుతుందని ఎండాకాలంలో కూడా చల్లటి నీళ్ళు తాగదు. తప్పు పోతే నేను బల్లమీద కొడతాను. కొన్నిసార్లు అవసరానికి మించి కొట్టాను. ఆమె ఎప్పుడూ మొహం మాడ్చుకోలేదు, వాక్యం మొదటికి వెళ్ళింది. ఆలస్యంగా వచ్చిన రోజుల్లో మంచంలో ఉన్న మా అత్తగారికి స్నానం చేయించి వచ్చింది. ఈమెను పంపితే మా గది మూగబోతుంది. అయినా పంపమనే అడుగుతున్నాను."

చప్పట్లు కొట్టారు. చేతులెత్తి పేరు ఖాయం చేశారు. పిల్లలంతా, పక్కవాళ్ళకు బదులు చెబుతున్న చిన్నకోడలి గొంతు వినబడిన వైపుకు కర్రలు తడుముకుంటూ వెళ్ళారు. వేదిక దిగుతున్న పెద్దకోడలిని దాటుతూ ఒక కుర్రాడు పక్కవాడితో, "ఎవర్రా ఆవిడ? బాగానే చెప్పింది గానీ, అబ్బా, ఏం గొంతు" అన్నాడు. ఆవిడ విని, విననట్టు కళ్ళజోడు తుడుచుకుంది.

బస్‌స్టాపులో చిన్నకోడలు ఆవిడ పక్కన వచ్చి నిలబడింది. ఇద్దరూ బస్సు రావాల్సిన వైపే చూశారు.

"మొదటిది పంపుతావనుకున్నా," అంది చిన్నకోడలు.

"పంపేదాన్నే. ఆ కెమెరా మేడం అడ్డొచ్చింది."

చిన్నకోడలికి నవ్వు ఆగలేదు. "అయితే మేడంకి దండం పెట్టాలి."

"పెట్టు. నాకు మాత్రం పెట్టకు. మనసారా రాశాననుకుంటున్నావేమో, సగం కడుపుమంటతోనే రాశాను."

"మిగతా సగం?"

"అదీ ఆ బాపతే." పెద్దకోడలు పమిట సర్దుకుంది. "అక్కడ ఎవరెవరో దొరుకుతారులే నీకు. అక్కా అక్కా అంటూ వాళ్ళ వెంట తిరుగుతావు."

"ఇంకా అక్కడివాళ్ళు ఒప్పుకోవాలి కదా."

"ఒప్పుకోకపోవడానికి వాళ్ళకేం రోగం? నేను అంత బాగా రాస్తేనూ."

బస్సు నిండుగా వచ్చింది. ఒక్క సీటు ఖాళీ ఉంది.

"కూర్చో అక్కా."

"నువ్వే కూర్చో. రేపోమాపో గౌరవనీయురాలివి."

చిన్నకోడలు కూర్చుంది. పెద్దకోడలు ఆమె భుజాన్ని ఆనుకుని, సీటు వెనక కడ్డీ ఒక చేత్తో, ముందు కడ్డీ ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. ప్రతి స్టాపులోనూ జనం ఎక్కుతున్నారు. లోపలికి జరగమ్మా, లోపల బోలెడు చోటుందని కండక్టరు అరుస్తూనే ఉన్నాడు. పెద్దకోడలు జరగలేదు.